పంటు మీద పోయిన తాళంచెవి

గోదావరి జిల్లాలలో పుట్టి పెరిగినవారికి పంటు అంటే చెప్పవలసిన పని లేదు. ఇతర ప్రాంతముల చదువరుల కొరకు రెండు మాటలు. వంతెన లేని చోట మనుషులను, మోటారు సైకిళ్ళను, కార్లను ఒకేసారి ఎక్కించుకొని ఏరు దాటించే బల్లపరుపు పడవను మా వైపు పంటు అంటారు. దానికి గది ఉండదు, కుర్చీలు ఉండవు. చుట్టూ నడుము ఎత్తున ఇనుప కమ్మీలు మాత్రము ఉంటాయి. బండి ప్రక్కన నిలువబడి, గాలికి ఎగిరే తువ్వాలు పట్టుకొని, పావుగంట సేపు నదిని చూస్తూ దాటిపోవడమే.

ధవళేశ్వరము దిగువను గోదావరి తల్లి గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలిపోతుంది. ఆ వసిష్ఠ సముద్రములో కలియుటకు ముందు పడమటి ఒడ్డున నరసాపురము, తూర్పు ఒడ్డున సఖినేటిపల్లి ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మార్చిన తరువాత ఈ ఒడ్డు పశ్చిమ గోదావరి జిల్లా, ఆ ఒడ్డు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయినవి. ఇక్కడ వంతెన కావాలని ప్రజలు ఏండ్ల తరబడి కోరుతూనే ఉన్నారు. రోడ్డు మీదనే వెళ్ళాలంటే పైకి పోయి చించినాడ వంతెన దాటి చుట్టి రావాలి. అందుచేత ఎందరో మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కుతారు. 2024 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారములో, మేమును అలాగే ఎక్కాము. ఆ ప్రయాణములో ఒక తాళంచెవిని ఏటిలో పోగొట్టుకొని మేము నేర్చుకొన్నది మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా సంఘములో ఒక సహోదరి పదకొండు సంవత్సరములుగా కువైటులో ఇంటిపని చేస్తున్నది. ఇంటి దగ్గర ముసలి తల్లి, ఇంటర్మీడియటు చదివే కుమార్తె, ఎనిమిదవ తరగతి చదివే కుమారుడు. తల్లికి మోకాళ్ళు పట్టేసి, బస్సు ఎక్కలేని స్థితి వచ్చింది. ఆమెను నెలకొకసారి ఆసుపత్రికి తీసుకొని వెళ్ళుటకని, ఆ సహోదరి 2023 ఆగస్టులో హైదరాబాదు నుండి ఒక పాత కారు కొనిపించింది. మా వీధిలోని ఒక కుర్రవాడు పిలిచినప్పుడు వచ్చి, రోజు కూలికి బండి నడుపుతాడు. ఆమె సెలవు మీద ఇంటికి వచ్చి, తిరుగు ప్రయాణమునకు ఇంకా ఆరు దినములు ఉందనగా, "అమ్మ ఎప్పటినుంచో సముద్రం చూస్తానంటోందండి. అయ్యగారూ, అమ్మగారూ, మీరు కూడా రండి" అని మమ్ములను పిలిచింది. పిల్లలతో కలిపి ఏడుగురము సర్దుకొని బయలుదేరాము.

అంతర్వేదిలో దీపస్తంభము చూచి, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గరకు వెళ్ళాము. ఏటి నీరు, సముద్రపు నీరు కలిసే చోటు అది. రెండు నీళ్ళ రంగులు కొంత దూరము వేరువేరుగా కనిపిస్తాయి. మామ్మగారిని కుర్రవాడు చెయ్యి పట్టుకొని ఇసుక మీద నడిపించాడు. ఆమె పాదములకు అల తగిలినప్పుడు చిన్నపిల్లవలె నవ్వింది. ఆ నవ్వు కోసమే కూతురు ఇంత దూరము తీసుకొని వచ్చింది.

పిల్లలు నీళ్ళలో ఆడుతామని గోల చేస్తే, వారిని కాచుటకు కుర్రవాడు కూడా దిగవలసి వచ్చింది. అతడు దిగే ముందు కారు తాళంచెవి మా చేతికి ఇచ్చి, "అయ్యగారండీ, ఇది తడిస్తే పాడైపోద్దండి, మీ దగ్గర ఉంచండి" అన్నాడు. దానిని చొక్కా జేబులో వేసుకొన్నాము. అది పాతకాలపు తాళంచెవి కాదు. పిల్లల అగ్గిపెట్టెంత నల్లని ప్లాస్టిక్కు బిళ్ళ. దానిని ఎక్కడా దూర్చి త్రిప్పనక్కరలేదు. అది బండిలో ఎవరి జేబులో ఉన్నా చాలు, మీట నొక్కితే ఇంజను అందుకొంటుంది. మా కష్టమంతా ఆ సుళువులోనే దాగి ఉన్నదని అప్పుడు తెలియలేదు. తిరుగు ప్రయాణములో మేము ముందు సీటులో కూర్చున్నాము, తాళంచెవి మా జేబులోనే ఉంది, కుర్రవాడు మీట నొక్కాడు, బండి కదిలింది. ఇమ్మని అతడు అడగలేదు, ఇవ్వాలని మాకు తోచలేదు. పాత తాళంచెవి అయితే అడగక తప్పేది కాదు.

సాయంకాలము సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాము. ఇంజను ఆపి అందరమూ దిగి నిలువబడ్డాము. ప్రొద్దు క్రుంకుచున్నది. ఏటి మీద వలలు వేసే నావలను మామ్మగారికి చూపిద్దామని కమ్మీ మీద వంగి, ముఖము తుడుచుకొనుటకు జేబులోని రుమాలు లాగాము. క్రింద బుడుంగుమని చిన్న శబ్దము అయింది. చేప ఎగిరిందనుకొన్నాము.

నరసాపురము ఒడ్డు చేరిన తరువాత కుర్రవాడు మీట నొక్కాడు. ఇంజను పలుకలేదు. ఎదుట అద్దము క్రింద, తాళంచెవి కనబడలేదన్న అర్థము వచ్చే ఇంగ్లీషు అక్షరములు వెలిగినవి. మరల నొక్కాడు, అదే అక్షరములు. మా వెనుక రెండు కార్లు, పది పన్నెండు మోటారు సైకిళ్ళు దిగుటకు తొందరపడుతూ హారనులు మ్రోగించుచున్నవి. పంటు మీది మనిషి కేక వేశాడు. అందరి కళ్ళూ కుర్రవాని మీదనే పడ్డాయి. "తాళం ఎక్కడ పారేశావురా?" అని మామ్మగారు గద్దించింది. "నీ చేతికే కదా ఇచ్చింది!" అని సహోదరి అడిగింది. అతడు తన జేబులు వెదకుకొన్నాడు, సీట్ల క్రింద వెదికాడు. తరువాత ఒక్కసారి మా వైపు చూచాడు. చూచి, తల దించుకొని, మరల సీట్ల క్రింద వెదకుట మొదలుపెట్టాడు.

అప్పుడే మేము జేబు తడిమి చూచుకొన్నాము. రుమాలు లేదు, అది చేతిలో ఉన్నది. తాళంచెవి లేదు, అది ఏటిలో ఉన్నది. ఆ చిన్న శబ్దము మరల చెవిలో వినబడింది.

చదువరులారా, ఆ క్షణముననే నోరు విప్పవలసినది. విప్పలేదు. ఒకరు కాదు ఇద్దరు కాదు, ఇరువదిమంది చూచుచున్నారు, అందులో మమ్ములను ఎరిగినవారు కూడా ఉన్నారు. కారు వెనుక చెయ్యి వేసి నెట్టినంత సేపు, దానిని రేవు మీదికి చేర్చినంత సేపు మౌనముగానే ఉన్నాము. ఆ కొద్ది నిమిషములు ఆ పిల్లవాడు మా బదులు మాటలు పడ్డాడు. చివరకు సహోదరి, "ఇవాళ్టి కూలి కూడా ఇవ్వను" అన్నప్పుడు గాని మా నోరు పెగలలేదు. "అమ్మా, అతణ్ణి అనవద్దు. తాళం నా జేబులోనే ఉంది. రుమాలు తీసినప్పుడు ఏటిలో పడింది" అని చెప్పాము. ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దము కంటె తిట్టినా బాగుండునని అనిపించింది.

అక్కడి చేపలు పట్టేవారిని అడిగాము. ఒక పెద్దాయన నీళ్ళ వైపు చూచి, "ఇప్పుడు పాటు మీదుందండి, నీరు సముద్రంలోకి లాగేస్తోంది. నడి ఏట్లో పడిందాన్ని ఎక్కడని వెదుకుతారు?" అన్నాడు. అది నిజమే. దొరికినా ఉప్పునీరు త్రాగిన ఆ బిళ్ళ పని చేయుట అనుమానమే.

కారును నెట్టినప్పుడు మరొక సంగతి బయటపడింది. ఇంజను ఆపి తలుపు తీయగానే స్టీరింగు తనంతట తానే బిగిసిపోయింది. చక్రములు తిన్నగా ఉన్నవి గనుక పంటు మీది నుండి రేవు మీదికి నెట్టగలిగాము గాని, ప్రక్కకు త్రిప్పుటకు వీలు కాలేదు. ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. గాలి కోసము అద్దములు నాలుగూ దింపి ఉంచాము. అవి కరెంటు మీద లేచే అద్దములు, తాళంచెవి లేనిదే లేవవు. అద్దములు లేవని బండిని రేవులో వదలి పోలేము. తెల్లవారితే గాని లాగుకొనిపోయే బండి రాదన్నారు. అందుచేత ఆడవారిని, పిల్లలను ఆటోలో ఇంటికి పంపి, కుర్రవాడును మేమును ఆ రాత్రి కారులోనే పండుకొన్నాము.

నిద్ర పట్టలేదు. దోమలు, చలిగాలి, ఏటి చప్పుడు. అర్ధరాత్రి వేళ అడిగాము, "తమ్ముడూ, తాళం నాకు ఇచ్చినట్టు నీకు గుర్తుంది కదా, అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అతడు కొంచెము సేపు ఆగి, "చెప్తే అందరి ముందూ మిమ్మల్ని పట్టిచ్చినట్టు ఉంటదండి. మీరే చెప్తారులే అనుకున్నానండి" అన్నాడు. మేము మాట్లాడలేకపోయాము. అతడు చెప్పిన ఆ మాట ఆ తరువాత పడిన ఖర్చంతటి కంటె బరువైనది.

మరునాటి ఉదయము లాగుడు బండి వచ్చి, ముందు చక్రములను పైకెత్తి, కారును భీమవరములోని కంపెనీ వర్కుషాపునకు చేర్చింది. దానికి 4,000 రూపాయలు. ఇక అక్కడ ఒక గంటలో పని అయిపోతుందనుకొన్నాము. మన ఊరి సంతలో తాళంచెవులు చేసేవాడు ఆకురాయి పట్టుకొని పావుగంటలో కొత్తది చేసి ఇస్తాడు కదా! లోపలివారు మా మాట విని చిరునవ్వు నవ్వారు. అక్కడి మెకానిక్కు మంచివాడు. కూర్చోబెట్టి, మాకు అర్థమయ్యేటట్లు విడమరచి చెప్పాడు. అతడు చెప్పినది, తరువాత మేము తెలిసికొన్నది కలిపి ఇక్కడ వ్రాస్తున్నాము.

పూర్వము కారు తాళంచెవి అంటే ఇనుప ముక్క మాత్రమే. దాని పండ్లు సరిపడితే బండి కదిలేది. దొంగలకు కూడా అది సుళువే. అందుచేత తాళంచెవి పిడిలో బియ్యపు గింజంత చిన్న చిప్పును అమర్చుట మొదలుపెట్టారు. దానికి బ్యాటరీ ఉండదు. తాళంచెవిని దూర్చగానే అక్కడ చుట్టిన తీగచుట్ట నుండి గాలిలోనే దానికి శక్తి అందుతుంది. అప్పుడది తన గుర్తు సంఖ్య చెబుతుంది. ఆ సంఖ్య బండిలోని కంప్యూటరు ఎరిగినదైతేనే ఇంజనుకు అనుమతి. దీనినే ఇమ్మొబిలైజరు అంటారు. ఐరోపా యూనియను దేశములలో 1998 అక్టోబరు నుండి కొత్త కార్లన్నిటికి ఇది ఉండి తీరాలని నియమము చేశారు. ఇతర దేశములలో కూడా క్రమముగా వ్యాపించింది.

దూరము నుండి మీట నొక్కి తలుపులు తెరిచే రిమోటు రెండవ మెట్టు. అది రేడియో తరంగములతో మాట్లాడుతుంది. నొక్కిన ప్రతిసారి పంపే సంకేతము మారిపోతుంది. ఎవడైనా చాటున ఉండి ఒకసారి దానిని పట్టుకొన్నా, మరుసారి అది చెల్లదు. మూడవ మెట్టు మా జేబులో నుండి జారిన బిళ్ళ వంటిది. బండి తానే సన్నని గొంతుకతో పిలుస్తుంది, దగ్గరలో ఉన్న బిళ్ళ బదులు పలుకుతుంది. ఈ సంభాషణ జరిగితేనే తలుపులు తెరుచుకుంటాయి, ఇంజను అందుకుంటుంది.

కనుక కొత్త తాళంచెవి అంటే ఇనుము కోయుట కాదు. బండి చాసిస్ నంబరును బట్టి కంపెనీ నుండి తెప్పించి, కంప్యూటరు తగిలించి, "ఇకమీదట నీ యజమాని వీడు" అని బండికి నేర్పవలెను. బండి ఎదురుగా లేకుండ ఆ పని కాదు. ఒక్క తాళంచెవి చేతిలో ఉన్నా బండిని నడిపించుకొని రావచ్చును. ఒక్కటి కూడా లేనప్పుడు లాగించుకొని రావలెను. మా కష్టమంతా అందుకే.

"రెండవ తాళంచెవి ఏది?" అని అడిగారు. సహోదరికి ఫోను చేస్తే, కొన్నప్పుడు ఒక్కటే ఇచ్చారని చెప్పింది. "ఆర్.సి. ఎవరి పేరున ఉన్నది?" అని అడిగారు. అక్కడ మరొక ముడి పడింది. కొని ఐదు నెలలు అయినా పేరు మార్చుకొనలేదు, హైదరాబాదులోని పూర్వపు యజమాని పేరే ఉన్నది. ఆయన అంగీకార పత్రము, ఆధారు నకలు లేనిదే తాళంచెవికి ఆర్డరు పెట్టమన్నారు. ఆ సమయములో మాకు కోపము వచ్చింది గాని, ఆలోచిస్తే వారి మాటే న్యాయము. అడిగినవారికెల్లా తాళంచెవి చేసి ఇస్తే ఇక బండికి తాళమెందుకు?

తరువాత మూడు దినములు కాగితముల చుట్టూ తిరిగాము. పోలీసు స్టేషనులో తాళంచెవి పోయినదని అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకొన్నాము. నోటరీ దగ్గర ప్రమాణ పత్రము వ్రాయించాము. కారు అమ్మిన మధ్యవర్తి ద్వారా హైదరాబాదులోని పెద్దమనిషి ఫోను నంబరు సంపాదించాము. ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడి, "రెండో తాళం నా దగ్గరే ఎప్పుడో పోయిందండి, అందుకే ఇవ్వలేకపోయాను" అని చెప్పి, అడిగిన కాగితములన్నీ సంతకము చేసి కొరియరులో పంపించాడు. బీమా కంపెనీకి ఫోను చేస్తే, పాలసీ సమగ్రమైనదే గాని తాళంచెవి పోతే డబ్బు రాదని, దానికి వేరుగా అదనపు రక్షణ తీసుకొనవలసి ఉండెనని చెప్పారు.

ఆర్డరు పెట్టిన తరువాత తాళంచెవులు రావడానికి పదునెనిమిది దినములు పట్టింది. ఈలోగా సహోదరి సెలవు అయిపోయింది. తన బండిలో తానే కూర్చొని, తల్లిని ప్రక్కన పెట్టుకొని రైల్వే స్టేషనుకు వెళ్ళాలని ఆమె కోరిక. ఆ తెల్లవారుజామున ఆటోలో వెళ్ళింది. మామ్మగారు ఆటో ఎక్కలేక గుమ్మములోనే నిలువబడి చెయ్యి ఊపింది. మేము సామాను ఎత్తి పెట్టుచు, ఆ తల్లీకూతుళ్ళ ముఖములు చూడలేకపోయాము. వెళ్ళేటప్పుడు ఆ సహోదరి కుర్రవానిని పిలిచి, ఆనాటి కూలితో పాటు రేవులో పండుకొన్న రాత్రికి కూడా కలిపి ఇచ్చి, "ఏమీ అనుకోకు తమ్ముడూ" అన్నది.

చివరకు లెక్క ఇట్లు తేలింది. తాళంచెవి ఒక్కొక్కటి 8,400 చొప్పున రెండింటికి 16,800. బండికి నేర్పినందుకు 1,800. లాగినందుకు 4,000. నోటరీ, కొరియరు ఖర్చులు 500. రేవులో నెట్టినవారికి టీ, పలహారములకు 200. మొత్తము 23,300 రూపాయలు. ఇందులో మా రానుపోను బస్సు ఛార్జీలు కలుపలేదు. మొదటి తాళంచెవి చేతిలో ఉండగానే రెండవది చేయించుకొని ఉంటే, ఆ వర్కుషాపు ధరలలోనే 10,200తో ముగిసిపోయేది. బయట ఈ పని తెలిసిన వారి దగ్గర కొన్ని బండ్లకు ఇంకా తక్కువలోనే అవుతుందని కూడా విన్నాము.

ఎవరు భరించాలన్న మాట వచ్చింది. పోగొట్టినది మేము గనుక అంతా మేమే ఇస్తామన్నాము. "అయ్యగారి దగ్గర తీసుకుంటానా" అని ఆ సహోదరి కువైటు నుండి ఫోనులో ఏడ్చింది. మా ఇంటావిడ మధ్యన పడి తీర్పు చెప్పింది. "రెండో తాళం ఎలాగూ మీకు కావలసిందే గనుక దాని ధర మీరు పెట్టుకోండి. మిగతాది మేము పోగొట్టిన దాని ఖర్చు, అది మాది" అన్నది. ఆ లెక్కన మా వంతు 14,900. ఇంటావిడ చీటీ పాడి 10,000 తెచ్చింది. మిగిలినది మూడు నెలలలో తీర్చుకొన్నాము. ఆ మధ్యలో ఒక సాయంకాలము కుర్రవాడు వచ్చి, కాగితములో చుట్టిన వెయ్యి రూపాయలు మా బల్ల మీద పెట్టి వెళ్ళబోయాడు. "నేను కూడా అడిగి తీసుకోవలసిందండి, డ్రైవరు నేనే కదా" అన్నాడు. ఆ డబ్బు అతని జేబులోనే తిరిగి పెట్టి పంపించాము. అతని మాటలో న్యాయము లేకపోలేదు, గాని ఆనాడు రేవులో అతడు చెల్లించినది చాలును.

ఇప్పుడు మన గ్రామములలో కూడా పాత కార్లు కొనేవారు ఎక్కువయ్యారు. విదేశములలో కష్టపడి పిల్లలు పంపిన డబ్బుతో కొనేవారు మన మధ్యనే ఉన్నారు. వారి నిమిత్తము మేము నేర్చుకొన్న కొన్ని సంగతులు చెప్పుచున్నాము.

మొదటిది. పాత కారు కొనేటప్పుడు రంగు, టైర్లు చూచినట్లే, "రెండు తాళంచెవులూ ఉన్నవా?" అని అడగండి. ఒక్కటే ఉంటే ఆ ఖర్చును ధరలో తగ్గించమనండి. తాళంచెవితో పాటు సంఖ్య గల చిన్న బిళ్ళ ఇస్తే, దానిని బండిలో గాక ఇంటిలో భద్రపరచండి.

రెండవది. ఒక్కటే ఉన్నవారు అది చేతిలో ఉండగానే రెండవది చేయించండి. రేపు చూద్దామనుకొంటే మాకు పట్టిన గతే పడుతుంది.

మూడవది. బండి కొన్న 30 దినములలోగా పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టుకొనవలెనని చట్టము చెప్పుచున్నది. పేరు మీది కానప్పుడు తాళంచెవి కూడా మీది కాదు.

నాలుగవది. ఒకవేళ కారు దొంగల పాలైతే, బీమా వారు సాధారణముగా రెండు తాళంచెవులనూ అప్పగించమని అడుగుతారు. ఒక్కటే చూపితే సవాలక్ష ప్రశ్నలు వస్తాయి. కనుక పోయిన తాళంచెవికి పోలీసు నకలు దాచుకోండి. పాలసీ తిరిగి కట్టేటప్పుడు తాళంచెవికి అదనపు రక్షణ ఎంత అవుతుందో అడిగి చూడండి.

అయిదవది. కొత్త తాళంచెవి చేయించినప్పుడు, పోయినవాటి గుర్తును బండి జ్ఞాపకములో నుండి తీసివేయమని అడగండి. అప్పుడు అవి ఎవరి చేతికి చిక్కినా వాటితో ఇంజను కదలదు. మా ఏటిలోనిది, హైదరాబాదులో పోయినది, రెండింటినీ అలాగే కొట్టివేయించాము.

ఆరవది. బిళ్ళ పలుకకపోతే పాడైపోయిందని కంగారు పడకండి. అనేక బిళ్ళలలో సి.ఆర్. 2032 అను నాణెము వంటి బ్యాటరీ ఉంటుంది. అది గడియారముల దుకాణములలో కూడా దొరుకుతుంది, వంద రూపాయలు కూడా కాదు. బ్యాటరీ అయిపోయినా, చాలా బండ్లలో ఆ బిళ్ళను మీటకు ఆనించి నొక్కితే ఇంజను అందుకొంటుంది. తలుపు తెరుచుటకు సన్నని ఇనుప తాళంచెవి ఆ బిళ్ళలోనే దాగి ఉంటుంది. మీ బండిలో అది ఎక్కడున్నదో ఈ రోజే తీసి చూచుకోండి.

ఏడవది చట్టములో లేనిది. తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నదో ఎప్పుడూ పైకి చెప్పుకోండి. పోయినప్పుడు ఎవరి చేతిలో పోయిందో అప్పుడే చెప్పండి. ఆలస్యమయ్యేకొలది ఆ ఖర్చు బలహీనుని తల మీదికి జారిపోతుంది.

కొత్త తాళంచెవులు వచ్చిన దినమున మామ్మగారు ఒకదానిని అరచేతిలో పెట్టుకొని త్రిప్పి త్రిప్పి చూచింది. "ఇంత దానికి ఎనిమిది వేలా! మా పెళ్ళినాటి పెట్టె తాళం ఇంతకు పదింతలుంది" అన్నది. తరువాత దానిని పాత గుడ్డలో చుట్టి, ఆ పెట్టెలోనే దాచి తాళము వేసి, ఆ పెట్టె తాళంచెవిని కొంగున ముడి వేసుకొన్నది.

2024 మార్చిలో మరల అదే రేవులో పంటు ఎక్కవలసిన పని పడింది. అవతలి ఒడ్డున ఒక వివాహము. అదే కారు, అదే కుర్రవాడు. పంటు కదిలింది. నడి ఏటిలోనికి వచ్చేసరికి మేము కమ్మీ దగ్గరకు వెళ్ళబోయి ఆగి, చొక్కా జేబు తడుముకొన్నాము. కుర్రవాడు అది చూచాడు. మెడలో దారమునకు కట్టుకొన్న తాళంచెవిని చొక్కా లోపలి నుండి బయటకు తీసి చూపి నవ్వాడు.

"నా దగ్గరే ఉందండి అయ్యగారూ. మీరు ఏరు చూసుకోండి" అన్నాడు.